విజయనగరంలో బట్టల షాపు మేనేజర్ ఉద్యోగం వచ్చింది, చేరొచ్చా?

గరివిడి కుర్రోడు

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఒక మొబైల్ షోరూంలో ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా చేస్తున్నాను. విజయనగరంలో మూడంతస్తుల ఫ్యామిలీ బట్టల షాపు నుంచి మేనేజర్ పోస్టుకి పిలుపొచ్చింది. జీతం 26 వేలు, పండగలకి ఇన్సెంటివ్ వేరే అంటున్నారు. మా ఇల్లు గరివిడి కాబట్టి రూము అద్దె మిగులుతుంది.

నా టెన్షన్ ఏంటంటే, మొబైల్స్‌లో కస్టమరు ముందే యూట్యూబ్ చూసుకుని మోడల్ పేరుతో సహా వస్తాడు. మన పని సగం అయిపోయినట్టే. బట్టల్లో నాకు కాటన్‌కీ పాలిస్టర్‌కీ తేడా కూడా సరిగ్గా తెలీదు. మా నాన్న అయితే "బట్టల కొట్లో పనంటే పొద్దున్నించి రాత్రి దాకా మడతలు పెట్టడమే" అంటున్నారు. ఈ లైన్లో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. నిజంగా ఇబ్బంది పెట్టేది ఏది? ఇందులో ఏమైనా సంతోషం ఉందా, లేక జీతం కోసం చేసుకుపోవడమేనా?

నరసన్నపేట వస్త్రాలు

నేను ఓనర్ని. చిన్న షాపే. చీరలు సూరత్ నుంచి, బనియన్లు, టీషర్టులు తిరుప్పూరు నుంచి వస్తాయి. పిల్లల రెడీమేడ్స్‌కి మాత్రం నేనే కలకత్తా రైలెక్కుతాను. కాబట్టి నా మాట అటువైపు నుంచి వినండి.

ఓనరుకి రాత్రి నిద్ర పట్టనిది అమ్మకం గురించి కాదు, అల్మారాల్లో ఆగిపోయిన డబ్బు గురించి. దసరాకి తెచ్చిన సరుకు సంక్రాంతికి కూడా అక్కడే ఉంటే, దాని మీద వడ్డీ నడుస్తున్నట్టే. సూరత్ పార్టీకి పేమెంట్ గడువు మాత్రం ఆగదు. మేనేజర్ నుంచి నాకు కావలసింది ఒక్కటే. ఏ సరుకు కదలడం లేదో నేను అడక్కముందే చెప్పాలి. చాలామంది చెప్పరు, ఓనరు కొన్నదాన్ని బాలేదంటే ఏమనుకుంటాడో అని భయం. చివరికి ఆషాఢం సేల్‌లో సగం ధరకి పోతుంది.

కాటన్, పాలిస్టర్ తేడా నెలలో వస్తుంది. దాని గురించి బెంగ వద్దు.

మూడు లాంతర్ల మేడమ్

తమ్ముడూ, మీ నాన్నగారు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నేను ఈ లైన్లోకి జాకెట్టు ముక్కల కౌంటర్లోనే వచ్చాను, ఇప్పుడు రెండంతస్తుల షాపు చూసుకుంటున్నాను. విజయనగరంలోనే, మూడు లాంతర్ల సెంటరుకి నడిచి వెళ్ళే దూరంలో మా షాపు. అంతకంటే చెప్పను, మా ఓనరు గారు కూడా ఫోన్ చూస్తారు.

పైన నరసన్నపేట అన్నయ్యగారు భయం అన్నారు. భయం కాదండీ, చెప్పినా వినరని. అందుకే తమ్ముడూ, జీతం మాట్లాడే ముందు ఒక మాట అడుగు: సరుకు కొనేటప్పుడు నీ మాట వింటారా? దాని మీదే మొత్తం ఉద్యోగం ఉంది. చీరలు సెట్టుగా వస్తాయి. ఒక డిజైన్లో ఆరు రంగులుంటే ఆరూ తీసుకోవాలి. "మెరూనూ బాటిల్ గ్రీనూ చాలు బాబూ, ఆ బూడిద రంగు మా వైపు పోదు" అంటే ఏజెంటు నవ్వేసి టీ తెప్పిస్తాడు, రంగు మాత్రం మార్చడు. చొక్కాలూ అంతే. 38 నుంచి 44 దాకా సెట్టు వస్తే 40, 42 ముందు పోతాయి. పండగ అయ్యేసరికి అల్మారా నిండా 38లూ 44లూ. ఓనరు గారు వచ్చి నిండుగా ఉన్న అల్మారా చూసి "ఇంత స్టాకు పెట్టుకుని అమ్మరేంటమ్మా" అంటారు. కొన్నది వాళ్ళు, మాట పడేది మనం.

దీనికి నేను కనిపెట్టిన మందు ఒక రూళ్ళ పుస్తకం. ప్రతి కౌంటర్లో ఒకటి పెట్టాను. కస్టమరు అడిగి, మన దగ్గర లేక వెళ్ళిపోయినవి మాత్రమే అందులో రాయాలి. అమ్మినవి కంప్యూటర్లో ఎలాగూ ఉంటాయి, అమ్మలేకపోయినవి ఎక్కడా ఉండవు కదా. పెద్ద సైజు నైటీలు, ఎనభై సెంటీమీటర్లు కాకుండా నిండు మీటరున్న జాకెట్టు ముక్క, జేబు ఉన్న పెట్టీకోటు (పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళు డబ్బులు, ఫోను పెట్టుకోవడానికి అడుగుతారు), బడి పిల్లలకి ఎలాస్టిక్ కాకుండా హుక్కున్న నిక్కర్లు. ఇలాంటివే. మొదట్లో ఓనరు గారు పట్టించుకోలేదు. ఇప్పుడు సరుక్కి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టమని ఆయనే అడుగుతారు. నీ మొదటి వారంలోనే ఇది మొదలుపెట్టు, ఎవర్నీ పర్మిషన్ అడక్కు.

రెండో సంగతి క్యాలెండరు. మొబైల్స్ ఎప్పుడైనా అమ్ముడవుతాయి, బట్టలు పంచాంగం చూసి అమ్ముడవుతాయి. మూఢం వచ్చిందంటే పట్టు కౌంటర్లో ఈగలు తోలుకోవడమే. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతానికి అదే కౌంటర్లో నిలబడడానికి చోటుండదు. మన ఊరి పండగ సంగతి కొత్త మేనేజర్లు తప్పుగా లెక్కేస్తారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, ముందు రోజు తొలేళ్ళు. ఒడిశా నుంచి కూడా జనం దిగుతారు కాబట్టి ఆ రోజు బేరాలు విరగబడతాయని అనుకుంటారు. పూజారిని కూర్చోబెట్టిన ఆ పొడవాటి మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంటే చీర బేరమాడే తీరిక ఎవరికుంది? మనవాళ్ళు పిల్లాజెల్లాతో వచ్చి మన మెట్ల మీద నిలబడి చూస్తారు, అంతే. అమ్మకమంతా అంతకు ముందు వారంలోనే, పండక్కి పిలిచిన ఆడపడుచులకి పెట్టే చీరలది. ఆ వారంలో స్టాఫ్‌కి సెలవు ఇవ్వలేవు. సిరిమాను రోజు మాత్రం ధారాళంగా ఇచ్చెయ్యి.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి మన వాళ్ళు దిగుతారు కదా. వాళ్ళు పిల్లల బట్టలు అక్కడే కొనేసి తెస్తారు. ఇక్కడ కొనేది అమ్మకి చీర, నాన్నకి పంచె. అదీ భోగి ముందు రోజు సాయంత్రం, బస్సు దిగి బ్యాగుతో సహా. కాబట్టి ఆ రెండ్రోజులకి ఫ్రాకులు కాదు, ముసలమ్మలు కట్టే మెత్తటి కాటన్ చీరలు ముందు వరసలో పెట్టించు.

ఇక సంతోషం ఉందా అన్నావు. ఉంది. పెళ్ళి బేరంలో ఉంది.

చీపురుపల్లి వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది, ఆటో నిండా ఆడవాళ్ళు. చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు ఓ నలభై కావాలి, అన్నీ ఒకే ధర ఉండాలి, కానీ ఒకే ధరవని చూసేవాళ్ళకి తెలియకూడదు. పెద్దావిడ గోడకి ఆనుకుని కూర్చుంది. చేతిలో కాగితం లేదు, పేర్లన్నీ నోట్లోనే ఉన్నాయి. "ఇది మా పెద్ద ఆడబిడ్డకి. ఇది చిన్న తోటికోడలికి, ఆవిడ నలుపు, ముదురు రంగు వొద్దు." ఒక చీర తీసి చూపిస్తే కొంగు వేళ్ళ మధ్య నలిపి, "ఓలమ్మా, ఇది ఇయ్యపురాలికి పెడితే రేపు నా కూతుర్ని బతకనిస్తాదేటి?" అంది. షాపంతా నవ్వు. మా కౌంటరు పిల్ల ఏం చేసిందంటే, అదే ధరలో కొంచెం వెడల్పు జరీ అంచున్నది ఒకటి వెతికి, దాన్ని మాత్రం కవర్లో కాకుండా అట్టపెట్టెలో పెట్టిచ్చింది. ఆవిడ పెట్టెను చూసి తల ఊపింది. ధర మారలేదు, వియ్యపురాలి మర్యాద నిలబడింది.

పైఅంతస్తులో ముహూర్తం చీర దగ్గర ఇంకో తమాషా. అత్తగారొకటి, అమ్మగారొకటి, ఫోన్లో వీడియో కాల్ అక్క ఇంకొకటి చెబుతుంటారు. పెళ్ళికూతురు ఏమీ మాట్లాడదు. ఆ పిల్ల కళ్ళు చూడకు, చెయ్యి చూడు. కళ్ళు అందరూ చూపించే చీరల మీద తిరుగుతుంటాయి. చెయ్యి మాత్రం ఒకే చీర అంచు మీద ఉండిపోతుంది. నేను ఆ చీరని మెల్లగా పక్కకి తీయించేస్తాను. అందరూ అలిసిపోయాక, "ఇదొకటి చూడలేదేమో" అని మళ్ళీ వేయిస్తాను. పది సార్లలో ఎనిమిది సార్లు అదే బిల్లవుతుంది. ఆ పిల్ల మొహం చూడాలి అప్పుడు. ఇది నాకు ఏ ఇన్సెంటివ్‌లోనూ రాలేదు.

చిరాకులకి కరువు లేదు. చీర పట్టుకెళ్ళి పెళ్ళికి కట్టేసి, మూడోనాడు "రంగు నచ్చలేదండీ" అని తెస్తారు. అంచు మీద పసుపు చుక్క, కుచ్చిళ్ళలో అక్షింతలు. ఒకావిడ తెచ్చిన చీరలో జాకెట్టు ముక్క లేనే లేదు. అరవకు, నలుగురి ముందు చుక్క చూపించకు. పక్కకి పిలిచి, "అమ్మా, దీన్ని మళ్ళీ అల్మారాలో పెట్టలేనమ్మా" అను, చాలు. పెద్ద బేరం చేసే ఇంటివాళ్ళయితే ఓనరుని అడిగి మార్చిచ్చెయ్యి, ఆ నష్టం పండగ బేరంలో వచ్చేస్తుంది. మాట పోతే రాదు.

అబద్ధం చెప్పి అమ్మొద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మన దగ్గర పెద్దాయనలు పొందూరు ఖద్దరు పంచె అడుగుతారు. మర పంచె తీసి అదే ఇదని చూపించే సేల్స్‌మన్లు ఉన్నారు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి సన్న నూలు తీస్తారు. కట్టడం తెలిసిన మనిషి రెండు వేళ్ళతో పట్టుకోగానే చెప్పేస్తాడు. "మా దగ్గర లేదండీ, పొందూరు సంఘంలోనే తీసుకోండి" అని నేను పంపించేసిన ఒక పెద్దాయన, తర్వాత మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి ఇల్లంతా వెంటబెట్టుకుని మా దగ్గరికే వచ్చారు.

ఇంకొకటి. పొద్దున్నే షట్టరు తీయగానే దీపం పెట్టే ముందు లేడీస్ ట్రయల్ రూములు నువ్వే మనిషిని పెట్టి చూపించు. అద్దం వెనక, కొక్కెం వెనక, పైన సీలింగు మూల ఎవరైనా కెమెరా దాచారేమో చూడాలి. ఆడ స్టాఫ్‌తోనే చూపించు. రోజూ.

కుట్టుమిషను అక్క, శ్రీకాకుళం

మేడమ్ మేనేజర్ వైపు చెప్పారు. నేను మీ ఊరు కాదు, శ్రీకాకుళం జీటీ రోడ్డు మీద ఒక షాపులో చీరల కౌంటర్లో చేసి మానేశాను, ఇప్పుడు ఇంట్లో ఫాల్, పీకో చేసుకుంటున్నా. తమ్ముడూ, నువ్వు చేరితే ముందు స్టాఫ్ కాళ్ళ వైపు చూడు. పొద్దున్న పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర దాకా అంతే. కస్టమరు లేనప్పుడు కూడా కూర్చుంటే మా మేనేజరు సీసీ కెమెరాలో చూసి ఫోన్ చేసేవాడు. షాపులో ఎవరూ లేరు, మధ్యాహ్నం రెండున్నర, అయినా నిలబడే ఉండాలి. మా కౌంటర్లో ఒకమ్మాయికి కాలి నరాలు ఉబ్బిపోయాయి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టంలోనే పెట్టాయి. చట్టం దాకా ఎందుకు, కౌంటరు వెనక నాలుగు స్టూళ్ళు వేయిస్తే ఎవరొద్దంటారు?

ఇంకా ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే షాపులో, జీతం 21 వేల లోపున్న వాళ్ళకి కట్టాలి. మన జీతంలో పోయేది ముప్పావు శాతమే, 10 వేల జీతానికి 75 రూపాయలు. మా దగ్గర కట్ చేసేవారు, నంబరు అడిగితే మాత్రం రేపు మాపు అనేవారు. నువ్వు అలా చెయ్యకు. ప్రతి పిల్ల నంబరు వాళ్ళ ఫోన్లో ఉండేలా చూడు.

గరివిడి కుర్రోడు

అక్కా, మేడమ్, చాలా థాంక్స్. స్టూళ్ళ సంగతి అసలు తట్టలేదు. రెండు డౌట్లు. బిల్లింగ్ కూడా నేనే చూడాలంటున్నారు, బట్టల మీద జీఎస్టీ ఇంత గందరగోళంగా ఉంటుందా? ఇంకా రాత్రి ఎన్నింటికి బయటపడతాను? గరివిడి రైలు చూసుకోవాలి.

మూడు లాంతర్ల మేడమ్

జీఎస్టీ ఇప్పుడు కొంచెం నయమే. ఇంతకు ముందు రెడీమేడ్ పీసు వెయ్యి దాటితే 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాకా 5 శాతం, అది దాటితే 18. సరిగ్గా శరన్నవరాత్రులు మొదలైన రోజే మారింది. షాపు నిండా జనం, మేమేమో స్టిక్కర్లు పీకి కొత్తవి అతికిస్తున్నాం, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. చీరకి, జాకెట్టు ముక్కకి, కుట్టని డ్రెస్ మెటీరియల్‌కి ధరతో పనిలేదు, ఎంత ఖరీదైనా 5 శాతమే. ఇబ్బంది ఎక్కడంటే షేర్వానీలు, లెహంగాలు. 2,500 దాటిన దగ్గర పన్ను ఒక్కసారిగా ఎగిరిపోతుంది. లెక్క స్టిక్కరు ధర మీద కాదు, డిస్కౌంటు తీసేశాక పడే అమ్మకం ధర మీద. అందుకే గీతకి కొంచెం పైన ఉన్న పీసుకి కాస్త తగ్గించి కింద పడేస్తే కస్టమరుకీ మనకీ లాభమే. బిల్లింగ్ అబ్బాయికి ఇది అర్థమయ్యేలా చెప్పు, లేకపోతే పాత స్లాబే కొట్టేస్తాడు.

రైలు మీద ఆశ పెట్టుకోకు. షట్టరు దించడం తొమ్మిదిన్నర కావచ్చు, కానీ ఆ రోజు విప్పిన చీరలన్నీ మడతపెట్టాలి. పాత మడత మీదే రావాలి. క్యాష్ లెక్క సరిపోవాలి. పెళ్ళిళ్ళ సీజన్లో బయటపడేసరికి పదిన్నర, పదకొండు. బండి మీద వెళ్ళాలి, లేదా ఆ నెలల్లో ఊళ్ళో రూము చూసుకోవాలి. రూము అద్దె మిగులుతుందన్న లెక్క మళ్ళీ వేసుకో.

చేరే ముందు ఒక పని చెయ్యి. ఒక సాయంత్రం ఆ షాపుకి కస్టమరులా వెళ్ళు. ఎవరికీ చెప్పకు. చీరల కౌంటర్లో పై అల్మారాల్లోవి తీయించు. మడత పడిన గీత దగ్గర రంగు వెలిసి తెల్లగా కనిపిస్తే, ఆ సరుకు అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నట్టు. అలాంటివి రెండు మూడయితే ఏ షాపులోనైనా ఉంటాయి. వరస మొత్తం అలాగే ఉంటే, నిన్ను పిలుస్తున్నది ఆ సరుకు అమ్మించడానికే అనుకో, జీతం దానికి తగ్గట్టు అడుగు. ఆ తర్వాత అమ్మే పిల్లని "ఎన్నాళ్ళుగా చేస్తున్నావమ్మా" అని అడుగు. అందరూ నెలా, రెండు నెలలే అంటే ఎందుకు మానేస్తున్నారో కనుక్కో.

నరసన్నపేట వస్త్రాలు

మేడమ్ చెప్పిన వెలిసిన మడత టెస్టు చదివి లేచి వెళ్ళి నా పై అల్మారా చూసుకున్నాను. ఏం చూశానో ఇక్కడ రాయను.

కుర్రాడా, ఒక్క మాట. ఇన్సెంటివ్ అన్నారు కదా, ఎంత అమ్మితే ఎంత, పాత స్టాకుకి వేరే ఉందా, ఎప్పుడిస్తారు, ఇవన్నీ అపాయింట్‌మెంట్ లెటర్లో రాయించుకో. నోటిమాట మీద చేరకు. పండగ అయ్యాక మా ఓనర్లకి మతిమరుపు ఎక్కువ.